రెండు ఉడకబెట్టిన గుడ్లు

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నాక, గోదావరిఖనిలో మా గని జట్టు తరఫున మళ్లీ కబడ్డీ మొదలుపెట్టాను. "కొంచెమైనా సరే, ఆటకు ముందు తినాల్సిందే. లేకపోతే పడిపోతారు" అని డాక్టర్ హెచ్చరించినప్పుడు మా జట్టులో అదనపు ఆటగాడైన నా దోస్తు ఓదెలు పక్కనే ఉన్నాడు.

ఫైనల్ రోజు, ఆట మొదలయ్యే ముందు డబ్బా తెరిస్తే, తినడానికి తెచ్చుకున్న రెండు గుడ్లు లేవు. షిఫ్టులో ఒకరి డబ్బాలో ఒకరం తినడం మాకు మామూలే. ఓదెలు మూతి తుడుచుకుంటూ, "మళ్ల లావైతవ్‌రా, అందుకే నేనే తిన్న" అన్నాడు. నవ్వేసి కూతకు వెళ్లాను.

గీత దాటగానే కళ్లు బైర్లు కమ్మాయి. బొక్కబోర్లా పడ్డాను. తెలివొచ్చేసరికి నా బదులు ఓదెలు ఆడుతున్నాడు.

ఇప్పటికీ గనిలో అందరం పంచుకునే తింటాం. అతడు చెయ్యి చాపితే మాత్రం నేను మూత పెట్టేస్తాను.