ట్రాక్టరుకు ముకుతాడు వదులు చేసిన అవ్వ

కొత్త ట్రాక్టరు అప్పగించేటప్పుడు నేను అందరికీ ఒకటే మాట చెప్పేవాడిని. "మీ గేదెను చూసుకున్నట్టు చూసుకోండి, చాలు." వాళ్లు నవ్వేవాళ్లు, ట్రాక్టరు పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లు, నేను బండెక్కి వెళ్లిపోయేవాడిని. ఇరవై ఏళ్లుగా మెకానిక్‌ని. ఆ మాటను పొల్లుపోకుండా పాటించిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడ బాన్ నోన్ తూమ్ ఊరి కొంగ్‌సీ అవ్వ. ఆవిడ పాటించినందుకు తలదించుకున్నది మాత్రం నేను.

అవ్వకు అరవై ఎనిమిదేళ్లు. మా తుంగ్ కులా మైదానంలో వాన అనుకున్న రోజు రాదు, బాడుగ ట్రాక్టరు వస్తానన్న రోజు రాదు. వరుసగా రెండేళ్లు బాడుగవాడి వల్ల అదును తప్పింది. ఇక లాభం లేదని అవ్వ తనకోసం ఒక చిన్న ట్రాక్టరు కొనుక్కుంది. ఆ రోజు పక్కింట్లో ఉండే ఆవిడ ఆడపడుచు బువాలాయ్ ఊరుకుంటుందా?

"మోకాళ్లు పట్టేసినదానివి, నీకు స్టీరింగెందుకు వదినా? చేతికర్ర చాలదూ?"

"కర్రతో దున్నితే వడ్లు పండుతాయేమో చెప్పు, నీది కూడా అరువు తీసుకుంటా."

మా ఊళ్లలో కొత్త బండికి ఏదో ఒక పేరు పెడతారు. అవ్వ పెట్టలేదు. అడిగితే, "పేరు పెట్టినవి నా దగ్గర నిలవవు" అంది. ఎందుకలా అందో ఊరందరికీ తెలుసు. పదిహేనేళ్ల క్రితం ఆవిడకు దువాన్ అనే గేదె ఉండేది. నుదుట తెల్ల మచ్చ ఉండేదని చంద్రుడి పేరు పెట్టుకుంది. ఆ ఏడు దుక్కి రోజుల్లో దానికి ఒళ్లు వెచ్చబడింది. ఇంకో రెండు చాళ్లే కదా అని అవ్వ పూర్తి చేయించింది. సాయంత్రం గట్టు మీద పడుకున్న దువాన్ మళ్లీ లేవలేదు. దుక్కులు అయిపోయాక గేదె ముందు పూలూ కొవ్వొత్తులూ పెట్టి, కొట్టినందుకూ తిట్టినందుకూ క్షమాపణ అడగడం మా ఆచారం. దుక్కి పూర్తి కాకముందే దువాన్ పోయింది. అడగవలసిన ఆ మాట అవ్వ గొంతులోనే ఉండిపోయింది.

ట్రాక్టరు మీటరు యాభై గంటలు చూపించగానే మొదటి సర్వీసుకు వెళ్లాను. వైశాఖపు ఎండ మండుతోంది, పడమట మాత్రం మబ్బు కమ్ముకుంటోంది. అవ్వకు కుంట పక్క మడి ఒక్కటే దున్నాల్సి ఉంది. వాన పడేలోపు అది కావాలి. అయినా నాకు జిగట అన్నమూ కాల్చిన చేపా పెట్టేదాకా పానా పట్టుకోనివ్వలేదు.

ఇంజను ఆయిల్ తీస్తుంటే పక్కన గొంతుక్కూర్చుంది.

"ఒరే పోంగ్, ఇంత నల్లగా వస్తోందేంట్రా?"

"యాభై గంటలు పనిచేశాక తెల్లగా వస్తుందా అవ్వా? నువ్వు మడిలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటే నీళ్లెలా ఉంటాయి?"

"మరి ఆ మెరుపో?"

"కొత్త ఇనుము కదా, ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకుంటాయి. అత్తాకొత్తకోడళ్లలాగా. ఆ రజను తీసెయ్యడానికే ఈ మొదటి సర్వీసు."

కంచె అవతల నుంచి బువాలాయ్ అందుకుంది. "నలభై ఏళ్లుగా ఒరుసుకుంటున్నాం నేనూ మా వదినా. మాకే మెకానిక్కూ రాలేదే!"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వుతోనే గేరుపెట్టె కింద మర విప్పాను. తేనె రంగులో రావలసిన ఆయిల్ పాలు కలిపిన టీలా కారింది. నా నవ్వు ఆగిపోయింది. అవ్వ బకెట్టు వైపు చూడలేదు, నా మొహం వైపే చూసింది.

"ఏమైంది?"

"నీళ్లు దిగాయి. బండి ఎక్కడైనా మునిగిందా?"

"లేదు."

"పంపు పెట్టి కడిగావా?"

"నాకు పంపెక్కడిది?"

సీటు కింద చెయ్యి పెట్టి చూశాను. గేరుపెట్టెకు ఆయిల్ పోసే మూత వదులుగా ఊగుతోంది. "ఈ మూత ఎవరు తిప్పారు అవ్వా?"

అవ్వ ఆ మూతను వేలితో తాకింది. తర్వాత మెల్లగా చెప్పింది. "పనయ్యాక ముకుతాడు వదులు చెయ్యమా? ఒళ్లంతా కాలిపోతుంటుంది పాపం. దానికి ఊపిరాడొద్దూ? మొదటి రోజు ఆ మూత తిప్పి చూస్తే వెచ్చగా ఆవిరొచ్చింది. అదే దాని ముక్కనుకున్నా. రోజూ దుక్కి కాగానే కాస్త వదులు చేసి, వీపు మీద నాలుగు చెంబులు పోసేదాన్ని."

"ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారవ్వా?"

"నువ్వే. గేదెను చూసుకున్నట్టు చూసుకోమన్నావుగా."

చేతిలోని పానా కింద పెట్టాను. ఇరవై ఏళ్లుగా వాగుతున్న మాట తిరిగొచ్చి నా మొహానే తగిలింది.

అవ్వ లేచి నిలబడింది. "దీన్ని తీసుకుపోరా. నాకొద్దు. నేను ప్రేమగా ముట్టుకున్నది బతకదు. కుంట మడి బీడు పడితే పడనీ."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ట్రాక్టరు బాగవుతుందని నాకు తెలుసు. నీళ్లు దిగి ఎన్నాళ్లో కాలేదు, గేర్లకు తుప్పు పట్టలేదు. కానీ ఈ పూట నేను బాగుచేసి తాళం చేతిలో పెట్టినా ఆవిడ ఇక దాని మీద ఎక్కదు. అందుకని పానా తీసి ఆవిడకే ఇచ్చాను.

"తీసుకుపోతాలే. ముందు ఒక చెయ్యి వెయ్యి, నా నడుం పట్టేసింది."

"అబద్ధాలకోరా," అంది, కానీ పానా అందుకుంది.

కింద మర ఆవిడే బిగించింది. కొత్త ఆయిల్ పోశాం. ఇంజను వేసి, చక్రాలు కాసేపు ముందుకూ వెనక్కూ తిప్పి, ఆ ఆయిల్ కూడా తీసేశాం. అది పలచబడిన టీలా వచ్చింది. తర్వాత పాత ఫిల్టరు విప్పి, కొత్త ఫిల్టరు రబ్బరు అంచుకు నూనె రాయమన్నాను. అవ్వ వేలితో చుట్టూ, పసిబిడ్డ మాడుకు రాసినంత మెల్లగా రాసింది. రాస్తూ రాస్తూ బకెట్టు వైపు చూసింది.

"దువాన్‌కు కూడా ఇలా చెడ్డది తీసేసి మంచిది పోసే వీలుంటే ఎంత బాగుండేదిరా."

నేను ఆ బకెట్టును ఆవిడ కంటికి దూరంగా జరిపాను. బువాలాయ్ కంచె దాటి వచ్చి వదిన పక్కన కూర్చుంది.

మళ్లీ ఆయిల్ పోసి, తిప్పి, ఆయిల్ మట్టం చూసే పుల్ల పైకి లాగి చూపించాను. తేనెలా నిలిచింది. అవ్వ దాన్ని ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇప్పుడు మూత బిగించు. గట్టిగా."

రెండు చేతులూ వేసి బిగించింది. బిగించాక కూడా చెయ్యి తియ్యలేదు. "మరి ఊపిరి?"

ఆవిడను కిందికి వంచి, గేరుపెట్టె పైన ఉన్న చిన్న గొట్టాన్ని చూపించాను. "ఇదిగో దీని ముక్కు. చేసినవాళ్లే పెట్టి పంపారు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నువ్వు వదులు చెయ్యక్కర్లేదు."

"ఇంత చిన్నదా?"

"దానికది చాలవ్వా."

సర్వీసు కార్డులో కారణం రాయాలి. "ముసల్ది నీళ్లు పోసిందని రాయి, దాచకు" అంది అవ్వ. "అప్పగించినప్పుడు మూత గురించి మెకానిక్ సరిగ్గా చెప్పలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత షాపులో తిట్లు తిన్నాను. తినాల్సినవే.

అవ్వ ఇంట్లోకి వెళ్లి గన్నేరు పూలూ రెండు కొవ్వొత్తులూ తెచ్చి ట్రాక్టరు ముందు పెట్టింది. దుక్కి ఇంకా మిగిలి ఉండగానే క్షమాపణ ఏమిటని ఎవరమూ అడగలేదు. చేతులు జోడించి ఆవిడ ఏం చెప్పుకుందో నేను వినలేదు. అది నాకోసం కాదు. మబ్బు ఊరి మీదికి వచ్చేసింది. అవ్వ మోకాలు పట్టుకుని సీటెక్కింది, తాళం తిప్పింది, బండిని తీసుకుపొమ్మన్న సంగతే మర్చిపోయి కుంట పక్క మడిలోకి దిగింది.

మొదటి చాలు చివర గట్టు దగ్గర తిప్పేటప్పుడు ముందు చక్రం బురదలో జారింది. ఇంజను చప్పుడు మీదుగా అవ్వ గొంతు మాకు వినిపించింది.

"మెల్లగా, దువాన్! మెల్లగా, తల్లీ!"

బువాలాయ్ కండువా కొసతో ముక్కు తుడుచుకుంది. "పేరు పెట్టేసింది," అంది.