మిద్దె మీద ఎండబోసిన గింజలు

మా ఆయన పందెం పావురాలు పెంచుతాడు. కల్లూరులో మా మిద్దె సగం వాటిదే. పోయిన వేసవిలో పందెం ఉందని రెండు నెలలు రోజూ పొద్దున్నే బాదంపప్పు పొట్టు తీశాను, పావురాల నీళ్లలో విటమిన్ చుక్కలు కలిపాను. ఎగిరొచ్చి గూట్లో దూరితే గుప్పెడు వేరుశనగ గింజలు పెడతాడు. ఆ ఆశతోనే తిన్నగా గూటికొస్తాయి.

పందెం రోజు పావురాలను మైదుకూరులో వదిలారు. ఇంకెవరి పావురమూ చేరకముందే మాది వచ్చేసింది. కానీ గూట్లో దూరితేనే లెక్క. అదేమో, నూనె గానుగకని నేను మిద్దె మీద ఎండబోసిన వేరుశనగ గింజల మధ్య దిగి, తీరిగ్గా తినసాగింది. తరిమితే ఎగిరిపోతుందని మా ఆయన మేత డబ్బా గలగలలాడిస్తూ బతిమాలాడు. చూడొచ్చిన వీధి జనం ఒకటే నవ్వు. అంతలో ఇంకొకరి పావురం గూడు చేరిందని ఫోనొచ్చింది.

"ఈడ గింజలు ఎండబోసినానని ఒక మాట చెప్పగూడదా?" అన్నాడు నాతో.

"మూడుసార్లు చెప్పినా. నువ్వు దానికి బాదం తినిపిస్తాంటివి."

కోప్పడే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఇప్పుడు ప్రతి పందేనికీ ముందురోజు, "మిద్దె మీద ఏమన్నా ఎండబోసినావా?" అని అడుగుతాడు. నా పని గురించి ఆయన అడిగేది అదొక్కటే.