హద్దు మీద డే లిల్లీలు

మా నాయన నాకు ఫోను చేయడు. ఏదైనా కావాలంటే నేను షాపు నుంచి వచ్చేదాకా కూర్చుని, వచ్చాక విసుక్కుంటూ చెబుతాడు. అందుకే ఆ రోజు పొద్దున, ఆత్మకూరు బస్టాండు దగ్గర నా టైలరింగ్ షాపు షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఫోనులో ‘నాయన’ అని కనిపించేసరికి సగం ఎత్తిన షట్టరు కిందే నిలబడి ఫోనెత్తాను.

“టీచరమ్మ పోయిందమ్మా. షాపు మూసేసి రా,” అన్నాడు.

పక్కింటి టీచరమ్మ. మా నాయన దాదాపు రెండేళ్లుగా ఒక్క మాటైనా మాట్లాడని మనిషి. “నీకెవరు చెప్పినారు?” అని అడిగాను.

“ఎవురూ చెప్పలా. నిన్నటి పూలు చెట్లకి అట్నే ఉండాయి. ఏందా అని లోపలికి పోయి చూసినా. కుర్చీలో కూర్చునే ఉండాది.”

డే లిల్లీని మీలో చాలామంది చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. నిమ్మగడ్డిలా గుబురుగా పెరిగే ఆకుల మధ్య నుంచి పొడుగాటి కాడ లేస్తుంది, దాని కొసన మొగ్గల గుత్తి. ఒక్కో పువ్వుకు ఒక్క రోజే ఆయుష్షు. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. మర్నాడు దాని పక్క మొగ్గ. వాడిన పువ్వును తీసేయకపోతే తడిగుడ్డలా అతుక్కుని పక్క మొగ్గకు అడ్డం పడుతుంది. టీచరమ్మ పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వాటన్నిటినీ గిల్లేసేవారు. ఆ పని ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నాయనకు కూడా తెలుసని, అంటే ఈ రెండేళ్లూ ఆయన రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడని, ఆ ఫోనుతోనే అర్థమైంది.

ఆమె సర్వీసంతా ఉదయగిరిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కొడుకు కావలిలో ఉద్యోగం చేస్తాడు. తనకు విడిగా ఉండటమే ఇష్టమని, ఆస్పత్రికీ బస్సుకీ దగ్గరని మా పక్కిల్లు కొనుక్కున్నారు. సామాను దిగిన రోజు లారీలోంచి బీరువా, మంచం కంటే ముందు తడి గోతాలు దింపించారు. వాటి నిండా డే లిల్లీ మొదళ్లు, ఉదయగిరి ఇంట్లోంచి తవ్వి తెచ్చినవి. “బీరువా ఎండలో ఉంటే ఏం కాదయ్యా, ముందు ఇయ్యి దించు,” అని లారీ వాళ్ల మీద కసిరారు. ఈమెతో మనకు కుదిరేట్టుందే అనుకున్నాను. నాకూ సామాను కన్నా ప్రాణమున్నవాటి మీదే మనసు.

రెండిళ్ల మధ్య అప్పటికి గోడ లేదు. కట్టుకుందామని నాయన అన్నాడు.

“గోడెందుకన్నా, గాలి ఆగిపోతాది. నా మొక్కలు వరసగా పెడతా,” అన్నారు ఆమె.

నాయన రైతు. ఉదయగిరి అవతల మా ఊళ్లో పొలం అమ్ముకుని టౌనుకు వచ్చినవాడు. మా పొలాల్లో గట్టు మీద కలబంద వరస ఉంటే అదే హద్దు, దాన్ని దాటి ఎవరూ నాగలి పెట్టరు. అందుకని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. “మంచిది టీచరమ్మా. మీ పూల వరసే మనకు హద్దు,” అన్నాడు. ఏటా పిలకలు వేసే మొక్కను సర్వే రాయిగా లెక్కేయడం మా రైతులకే చెల్లింది.

అమ్మ పోయాక మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నా సాయంత్రాలు టీచరమ్మ వరండాలోనే గడిచేవి. నాకు మొక్కలు పెట్టడం నేర్పింది ఆమే. మాది జిగట నేల, నీళ్లు నిలుస్తాయి. ఆమె ఎర్రమట్టి, గరుసు తెప్పించి ఎత్తుగా బోదె పోయించి, మొదలు నేలకు సమంగా ఉండేట్టు పెట్టించారు. “గొంతు దాకా పాతబాక అమ్మాయ్. దానికీ ఊపిరాడాల,” అనేవారు. నేను ఒకసారి బలం కోసమని పచ్చి పేడ తెచ్చి మొదలు చుట్టూ కుప్ప పోశాను. వానకు ఆ మొక్క కుళ్లిపోయింది. ఆమె దాన్ని పీకి, వాసన చూసి, నా ముక్కు దగ్గర కూడా పెట్టారు. “ప్రేమ ఎక్కువై చచ్చే మొక్కలే ఎక్కువ,” అన్నారు. ఆ వాసన మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎంచుకోవడం నేర్పిందీ ఆమే. ఫోనులో ఒక ముదురు మెరూన్ రంగు డే లిల్లీ బొమ్మ చూసి నాకు పిచ్చి పట్టింది. నర్సరీకి పోదామంటే సరేనన్నారు గానీ, మండే ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు బయల్దేరదీశారు.

“పొద్దున ఏ పువ్వయినా బాగుంటాది. ఈ యాళప్పుడు నిలబడి ఉండే పువ్వును తెచ్చుకో,” అన్నారు.

నర్సరీలో నా మెరూన్ పువ్వు ఉడికిన వంకాయ తొక్కలా వేలాడుతోంది. పక్కనే లేత పసుపు రకం మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. నర్సరీ అతనికి ఆ వేళప్పుడు లేవాల్సి వచ్చినందుకు ఒళ్లు మండింది. “ఈ ఎండకి మనుషులే నిలబడలేకపోతా ఉండారు. పువ్వుకి పరీక్ష పెడతా ఉండారేంది మేడం?” అన్నాడు. “మనిషయితే నీడకి పోతాడు. పువ్వు పోలేదు కదయ్యా,” అని ఆమె ఆ పసుపువి తీసుకున్నారు. కుండీల్లో పెట్టి వరండాలో ఉంచారు.

హద్దు మీద ఉన్నవి మాత్రం ఉదయగిరి నుంచి తెచ్చిన నారింజ రంగువి. ఆ రకం భూమిలోపలే పాకుతుంది. ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. వానలు వెలిశాక చూస్తే మా వైపు, బట్టలు ఉతికే బండ దాకా పచ్చటి పిలకలు లేచి ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. నాయన పార తీసుకుని బయటికి వచ్చాడు.

“టీచరమ్మా! మీ గడ్డలు నా స్థలంలో ఏం చేస్తా ఉండాయి?”

“గడ్డలు కాదన్నా, వేర్లు. వానకి పాకినాయి. పీకేస్తాలే.”

“హద్దు జరిపినాక పీకేదేంది?”

“నేను జరపలా. మొక్క జరిగింది.”

“మా ఊళ్లో మా పక్క పొలమోడు కూడా అట్నే అన్నాడు. నేను జరపలా, నాగలి జరిగింది అన్నాడు.”

ఆమెకు ఆ కథ తెలియదు. నాకు తెలుసు. ఊళ్లో పక్క రైతు ఏటా దుక్కిలో గట్టును కొంచెం కొంచెం చెక్కుతూ మా పొలంలోకి వచ్చాడు. నాయన పంచాయితీలో నోరు తెరిచి అడిగితే అందరూ నవ్వారు. పొలం అమ్మడానికి వేరే కారణాలు చెబుతాడు గానీ అసలు కారణం ఆ నవ్వే. ఇప్పుడు ఆ కోపమంతా ఈ పూలమొక్కల మీదికి తిరిగింది. నేను మధ్యలో నిలబడి “నాయనా, పూలమొక్కలు నాయనా” అంటుంటే, “కలబంద గూడా మొక్కే,” అని పార నేలకేసి కొట్టాడు. మర్నాడే సర్వేకు దరఖాస్తు పెట్టాడు.

ఆ తర్వాతి రోజుల్లో నేనేం చేసినా తప్పే అయింది. నేను టీచరమ్మ వరండాకు వెళ్తే నాయన అన్నం ముట్టడు. వెళ్లకపోతే ఆమె అడగరు, ఆ అడగకపోవడమే ఎక్కువ బాధ. నాకు మాట్లాడుకోవడానికి ఉన్నది ఆమె ఒక్కరే. ఆ ఒక్కరినీ పోగొట్టుకుంటానేమోనని భయపడుతూ జాకెట్లకు చేతులు తారుమారుగా కుట్టి గిరాకీ వాళ్లతో తిట్లు తిన్నాను.

సర్వేయర్ వచ్చేది రోహిణి కార్తెలో పడింది. ఆ ఎండల్లో మొక్కను కదిలించడం టీచరమ్మ దృష్టిలో పాపం. అలాంటిది, సర్వే ముందు రోజు పొద్దున లేచి చూస్తే, ఆమే ఒక కూలీ మనిషిని పెట్టుకుని నారింజ వరస మొత్తం తవ్విస్తున్నారు. గోతాలు తడిపి నింపిస్తున్నారు. ఉదయగిరిలో చర్చి వెనక వాలులో మట్టి కోసుకుపోతోందట, అక్కడికి పంపిస్తారట.

“పాకే మొక్కకి చోటు కావాలమ్మాయ్. అది దాని తప్పు కాదు. ఈడ పెట్టింది నా తప్పు,” అన్నారు. ముఖమంతా చెమట, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

కిటికీ దగ్గర నాయన గొంతు లేచింది. “చూసినావా? సాక్ష్యం లేకుండా చేస్తా ఉండాది.”

అది ఆమెకు వినబడింది. తల తిప్పలేదు, గోతం మూతి కట్టుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు సర్వేయర్ టేపు, మిషను పెట్టి కొలిచాడు. వీధిలో వాళ్లంతా గుమిగూడారు. ఇక్కడ తవ్వండి అంటే గడ్డపార వేశారు. రాయి ఖంగుమంది. పాత హద్దు రాయి, మట్టిలో కూరుకుపోయి ఉంది. అది ఉన్నది పూల వరస ఉన్నచోట కాదు, దానికి బాగా ఇవతల, మా వైపు. మేమే ఆమె స్థలంలో ఉన్నాం. మా బట్టల బండ మొత్తం ఆమెదాంట్లోనే ఉంది.

“బండ తీయించమంటారా మేడం?” అన్నాడు సర్వేయర్.

“బట్టలు యాడ ఉతుక్కుంటారు సార్? ఉండనీండి,” అని ఆమె లోపలికి వెళ్లిపోయారు.

నాయన ముఖంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు. అందరూ కోపం అనుకున్నారు. నేను కూడా కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. వానలు పడ్డాక టీచరమ్మ తన కుండీల్లోని పసుపు లిల్లీలను విడదీసి నేలలో వరసగా నాటించారు. ఆ రకం ఉన్నచోటే ఒత్తుగా పెరుగుతుంది గానీ పక్కకు పాకదు. నాటించింది మాత్రం సర్వే రాయి మీద కాదు, పాత వరస ఉన్నచోటే. అంటే ఆ కాస్త స్థలం మాకే వదిలేశారు. నాయన కిటికీలోంచి అదంతా చూశాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. కండువా దులుపుకుని పడుకున్నాడు. ఆయనకున్నది కోపం కాదు, సిగ్గు అని నాకు అప్పుడు తెలిసింది. కోపమైతే నేను తిట్టి పోగొట్టేదాన్ని.

తర్వాత కూడా నేను ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని గానీ మునుపటిలా కాదు, దొంగచాటుగా వెళ్లినట్టుండేది. ఆమె ఎన్నడూ మా నాయన మాట ఎత్తలేదు. ఆ మర్యాదకు నేను ఆమెకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

టీచరమ్మను సమాధి చేసిన రోజు నాయన శ్మశానం గేటు దాకా వచ్చి అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఆమె ఇంటి ముందు షామియానా వేసి, ఆమెను తలచుకోవడానికి ఆదరణ కూడిక పెట్టారు. ఆయన రాడనుకున్నాను. వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. పాటలు, ప్రార్థన అయ్యాయి. ఉదయగిరి నుంచి వచ్చిన ఆమె శిష్యులు మాట్లాడారు. ఇరుగుపొరుగు వాళ్లు ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని పాస్టరుగారు అడిగారు. కుర్చీ కదిలిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూస్తే నాయన లేచి నిలబడి ఉన్నాడు.

చచ్చిపోయిన మనిషి ముంగిట్లో హద్దు గొడవ ఎత్తుతాడేమో, నలుగురిలో మళ్లీ నవ్వులపాలవుతాడేమో అని లేవబోయాను. పక్క కుర్చీలో ఉన్నావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“నా బట్టల బండ ఆమె స్థలంలో ఉండాది,” అన్నాడు నాయన. “సర్వేలో తేలింది. ఆమె తీయమనలా. నేను తీయలా. ఆమెతో మాట్లాడలా.” ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. “అంతే,” అని కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆమెన్ అనాలో వద్దో తెలియక పాస్టరుగారు కండువా సర్దుకున్నారు. కూడిక అయ్యాక ఆమె కొడుకు నాయన దగ్గరికి వచ్చాడు. “పెద్దాయనా, అమ్మ ఉండనీమంది కదా. మాకూ ఏం ఇబ్బంది లేదు, ఉండనీండి.”

“మీ అమ్మ ఉండనీమంది కాబట్టే తీయలేకపోయినా అబ్బాయ్. తీస్తే ఆమె మాట కాదన్నట్టు. ఉంచితే రోజూ కంట్లో నలుసు. ఇప్పుడు తీస్తా. నువ్వొక చెయ్యి ఎయ్యి,” అన్నాడు.

ఇద్దరూ గడ్డపారలు వేసి బండను పెకిలించి, దొర్లించుకుంటూ తెచ్చి మా వెనక గోడకు ఆనించారు. వయసు మీరిన ఒంటితో నాయన రొప్పుతుంటే నేను ఆపలేదు. బండ ఉన్నచోట నేల నల్లగా, చెమ్మగా తేలింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని అటూ ఇటూ పరిగెత్తాయి.

మర్నాడు పొద్దున బట్టలు బకెట్లోనే పిసికాను. నడుము విరిగింది. పిండిన బట్టలు చంకన పెట్టుకుని, దగ్గర దారి కదా అని ఆ చెమ్మ నేల మీదుగా దండెం వైపు అడుగు వేయబోయాను.

“అమ్మా, అటు తొక్కబాక,” అని గుమ్మంలోంచి నాయన కేక వేశాడు. “అది టీచరమ్మది.”

నీళ్లు కారుతున్న బట్టలతో నేను చుట్టూ తిరిగి వెళ్లాను.