కేబులే పోయి ఉంటది

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా గల్లీలో అవ్వ, అంటే మా అమ్మ, కేబుల్ టీవీ అతన్ని నిలబెట్టి దులిపేస్తోంది. "నెలనెలా పైసలు గుంజుకపోతవ్. నీ కేబుల్ మంచిగ లేకనే మా కంప్యూటర్ ఖరాబైందట."

పాపం, అతనికేం తెలుసు... అన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ ఆ పొద్దున లేవలేదు. అన్నే మూత విప్పి "కేబుల్ లూజైంది" అన్నాడు. అది డబ్బా లోపల హార్డ్ డిస్కుకు పోయే వెడల్పాటి పట్టీ. అవ్వకు తెలిసిన కేబుల్ ఒక్కటే మరి. అన్న పట్టీ పీకి, ఊది, మళ్లీ గుచ్చగానే కంప్యూటర్ నడిచింది. సాంచాల కార్ఖానాలో మరమగ్గాలు నడిపి ఇంటికి వచ్చిన బాపు, మా నాన్న, సంగతి విని కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆ బతుకమ్మ పండక్కే అన్న చిన్న మైకు పెట్టి అవ్వ పాటలు అందులో ఎక్కించాడు. ఒక పాటైతే అన్న పేరూ నా పేరూ కలిపి తనే కట్టుకుంది...

మళ్లీ బతుకమ్మ రాకముందే అవ్వ పోయింది. ఉత్త జ్వరమే అనుకున్నాం.

ఫొటోలు ఉన్నాయి గానీ గొంతు మాత్రం ఆ డబ్బాలోనే ఉంది. రోజంతా సాంచాల మోతలో ఉండి వచ్చిన బాపు కాళ్లు కడుక్కుని కూర్చుని, "మీ అవ్వను పెట్టు బిడ్డా" అనేవాడు. పెట్టేదాన్ని. పాట అయ్యేదాకా వినేవాడు.

ఒకరోజు పెడదామంటే... లోపల్నుంచి టక్కు టక్కుమని చప్పుడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. నేను అన్నను కేకేశాను. బాపు మాత్రం, "ఫికర్ చెయ్యకు. గప్పటి లెక్కనే కేబుల్ పోయి ఉంటది" అన్నాడు.

అన్న కొత్త పట్టీ తెచ్చి వేశాడు. కరెంటు వైరు మార్చాడు. డిస్కు ఊడదీసి స్నేహితుడి కంప్యూటర్‌కి తగిలించాడు. అదే టక్కు టక్కు. బాపు కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. ఆఖరికి ముగ్గురం కరీంనగర్‌లో ఒక రిపేరు షాపుకు పోయాం. అతను కరెంటిచ్చి, డిస్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"కేబుల్ కాదే పెద్దమనిషీ... డిస్కే పోయింది. ఇగ దాంట్లకెల్లి ఏం రాదు."

"జర ఇంకో కేబుల్ పెట్టి సూడు సారూ" అన్నాడు బాపు. ఆయన ఒకరిని బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత హైదరాబాద్ పంపినా, లోపల గీతలు పడ్డాయని తిప్పి పంపారు.

ఇప్పుడు నా ఫోన్ నిండా వీడియోలే... మళ్లీ చూసే దిక్కు లేదు. అవ్వ పాట రాగం గుర్తుంది. మాటలు ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా రావు. ఏడుపొస్తుంది.

నిన్న మా ఇంట్లోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. బాపు తన తువ్వాల ముడి విప్పాడు. ఆ డిస్కే... ఇన్నేళ్లూ దాచాడు.

"గీ కొత్తదాంట్ల కేబుల్ మంచిగుంటది గద బిడ్డా. ఒక్కసారి పెట్టు."

ఆ పట్టీ గుచ్చే చోటే ఇప్పటివాటిలో లేదు. అయినా "రేపు సూద్దాం బాపు" అన్నాను.

మీ ఇంట్లో ఎవరైనా పాడేవాళ్లుంటే ఇవాళే పక్కన కూర్చుని ఆ మాటలు నేర్చుకోండి... మీరు పోగొట్టుకున్న గొంతు ఎవరిదో కింద రాయండి, చదువుతాను. బాపు మాత్రం పొద్దుటి నుంచీ ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాడు.