హాయిల్ వంటింట్లో జంబలాయ

మదార్బీది రాయచోటి. భర్త పోయిన మరుసటేడు సౌదీకి వచ్చింది. హాయిల్‌లో ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. వచ్చిన కొత్తలో అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఇప్పుడు ఇంటావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడితే చాలు, చాయ్ కావాలో, కావా అనే అరబ్బు కాఫీ కావాలో చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇక మాంసంతో చేసే కబ్సా అన్నం సంగతి చెప్పనక్కర్లేదు. దానికోసమే చుట్టాలు శుక్రవారాలు పనిగట్టుకుని వస్తారు.

ఆ ఇంటి అమ్మాయి రీమ్ అమెరికాలో, లూసియానా అనే చోట నాలుగేళ్లు చదువుకుని ఆ చలికాలంలో తిరిగొచ్చింది. వస్తూనే మాంసం మానేశానంది. మాంసమొక్కటే కాదు, పాలు, నెయ్యి, గుడ్లు, చివరికి తేనె కూడా ముట్టదట. ఇంటావిడ రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు మదార్బీని పిలిచి, "నువ్వే ఏదో ఒకటి చేసిపెట్టు" అని చేతులు దులుపుకుంది.

మదార్బీకి అదేమంత కష్టం కాలేదు. పప్పు, వంకాయ కూర, శనగల పులుసు చేసిపెడితే రీమ్ ఇష్టంగానే తింది. చిక్కంతా జంబలాయతో వచ్చింది. అది లూసియానాలో వండే కారపు అన్నం. అక్కడ కోడి, రొయ్యలు వేసి చేస్తారు. అవేవీ లేకుండా అదే రుచి రావాలంది రీమ్. గురువారం స్నేహితురాళ్లు వస్తారు, వాళ్లకి పెట్టాలి.

రీమ్ ఫోన్‌లో చూపించినట్టే ఉల్లిపాయలు, క్యాప్సికం, కరఫ్స్ అనే ఆకు కాడలు తరిగి మదార్బీ మొదటిసారి వండింది. చేతి అలవాటు కొద్దీ ఏలకులు, ఎండు నిమ్మకాయ పడిపోయాయి.

"ఇది మాంసం లేని కబ్సా" అంది రీమ్.

రెండోసారి అవి మానేసి, టమాటా పెంచి చేసింది. రీమ్ ఒక ముద్ద తిని ఆలోచించింది. "బాగుంది. కానీ అది కాదు."

మదార్బీకి విసుగొచ్చింది. ఎన్నడూ నోట పెట్టని దాన్ని ఎలా వండేది? గరిటె పక్కన పెట్టి, తనకొచ్చిన అరబ్బీలో అడిగింది. "నీకు అక్కడ ఇది ఎవరు వండిపెట్టారు?"

"మా కింది వాటాలో ఉండే ముసలామె."

"వండేటప్పుడు నువ్వు పక్కనున్నావా? వాసన ఎలా ఉండేది?"

రీమ్ కళ్లు మూసుకుంది. "కొంచెం మాడిన వాసన. అడుగంటేదాకా గరిటె పెట్టనిచ్చేది కాదు. నేను కలపబోతే చేతి మీద కొట్టేది."

అప్పుడర్థమైంది మదార్బీకి. మాంసం గిన్నెకు అంటుకుని ఎర్రబడితే ఆ రుచి వస్తుంది. ఇక్కడ అంటుకోవడానికి ఏముంది? ఫ్రిజ్‌లో పుట్టగొడుగులు కనిపించాయి. మందంగా కోసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె కాగాక వేసి, గరిటెతో అదిమి వదిలేసింది. పెళ్లయిన నాటి నుంచీ ఏదీ అడుగంటకుండా కలుపుతూ వచ్చిన చెయ్యి. ఊరికే నిలబడటం ఆమెకు ప్రాణం మీదికి వచ్చినంత పనైంది.

మాడు వాసన ఇల్లంతా పాకింది. ఇంటావిడ పరుగున వచ్చి స్టవ్ ఆర్పబోయింది. మదార్బీ ఆమె చెయ్యి పట్టుకుంది. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు.

"షువయ్య, మామా. కొంచెం ఆగమ్మా. మాడనీ."

ఇంటావిడ తెల్లబోయి చూసింది. అక్కణ్నుంచి మాత్రం కదల్లేదు. మదార్బీ ఉల్లిపాయలూ కాడలూ వేసి, చారెడు నీళ్లు పోసి అడుగు గీకింది. మళ్లీ అంటుకోనిచ్చింది, మళ్లీ గీకింది. తర్వాత టమాటా, ఊరి నుంచి తెచ్చుకున్న కారం, ఉడికిన రాజ్మా, నానబెట్టని బియ్యం వేసి, సరిపడా నీళ్లు పోసి మూత పెట్టింది.

రీమ్ నిలబడే తింది. రెండో చెంచా తిని ఫోన్ తీసి లూసియానాకు వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. తెల్లజుట్టు ముసలామె తెర మీదికొచ్చి ఏదో అడిగింది.

"గిన్నె అడుగు చూపించమంటోంది" అంది రీమ్.

మదార్బీ అన్నం పక్కకు తోసి, గిన్నె వంచి చూపించింది. ముసలామె కళ్లద్దాలు సర్దుకుని చూసి, తలూపింది.

గురువారం ఇంటావిడ పరువు పోతుందని మటన్ కబ్సా కూడా చేయించింది. వచ్చిన అమ్మాయిలు రెండూ తిన్నారు. జంబలాయ సగం మిగిలింది. వాళ్లు వెళ్లాక ఇంటావిడ ఒక పళ్లెం పెట్టుకుని, "కారం ఎక్కువైంది" అంటూనే మారు వడ్డించుకుంది.

మర్నాడు మదార్బీ ఊళ్లో ఉన్న తన కూతురు ఖాలిదాకు ఫోన్ చేసి, కొత్త వంట సంగతి చెప్పింది.

"పేరేందిమా అది?"

"జంబలాయంట. నాకే సరిగ్గా నోరు తిరగడంలే."

"నువ్వు తిన్యావా? ఎట్లుండాది?"

"వాళ్లకి నచ్చినాదిలే పాపా. నాకైతే ఆ కాడల వాసన పడలే. రోంత ఊరగాయ కలుపుకోని తిన్యా."