పుల్లమ్మ బొటనవేలు

బెంగళూరు మడివాళలో సిమెంటు పనికి పోయే పుల్లమ్మ ఒక్క బొటనవేలితో శాసనసభ కమిటీని ఓడించింది. అవతల కార్ల నిండా సభ్యులు, ముందూ వెనకా పోలీసులు. ఇవతల ఆ వేలు ఒక్కటే. నా కళ్ళతో చూశాను. నేను చూడని గొప్ప సంగతేదీ ఈ ఊళ్ళో ఇంతవరకు జరగలేదు.

పుల్లమ్మది అనంతపురం వైపు. మొగుడు తిరుపాలుతో వచ్చి సగం బెంగళూరు కట్టింది. మిగతా సగం కట్టేటప్పుడు తిరుపాలు పరంజా మీదనుంచి పడ్డాడు. నడుం విరిగి మంచం పట్టాడు. అతనికి రావలసిన పింఛను సేవా కేంద్రంలో కొత్త యంత్రం చేతిలో ఉంది. అతను లేవలేడు గనుక నెలనెలా పుల్లమ్మ పోయి వేలు ఆనించాలి. పచ్చ దీపం వెలిగితే పింఛను. ఎర్రది వెలిగితే లేదు.

పుల్లమ్మకు ఎప్పుడూ ఎర్రదే. వేలి గీతలన్నీ సిమెంటు తినేసింది. బ్రహ్మ నుదుటి మీద రాశాడు కాబట్టి సరిపోయింది, చేతి మీద రాసుంటే ఆ రాత కూడా ఎప్పుడో అరిగిపోయేది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేశాను గానీ, లేకపోతే ఇంతకంటే పాడు యంత్రం నేనే తయారుచేసి ఉందును.

ఇలాంటి వేళ్ళు మడివాళలో చాలా ఉన్నాయి. మేస్త్రీ రామాంజనేయులు తిరిగి తిరిగి మొరపెట్టుకుంటే, యంత్రాల సంగతి తేల్చడానికి శాసనసభ కమిటీ వస్తోందని కబురొచ్చింది. వాళ్ళ ముందు వేలు పెట్టడానికి అందరం పుల్లమ్మ పేరే చెప్పాం.

"ఎర్రదీపం వాళ్ళు కండ్లారా చూడనీ అక్కా. మళ్ళ పాత మాదిరి సంతకానికే ఇస్తారు," అన్నాడు రామాంజనేయులు.

"విధానసౌధ నుంచే వస్తారా?" అని మాత్రం అడిగింది పుల్లమ్మ.

మర్నాటి నుంచి పనికి రాలేదు. అంత పెద్దవాళ్ళ ముందు ఆ చేతులతో నిలబడడం ఆమెకు మనసొప్పలేదు. చుట్టాలొస్తున్నారని గడపకు పసుపు రాసినట్టు, వారంపాటు చేతులకు కొబ్బరినూనె పట్టించింది, నిమ్మచెక్కతో రుద్దింది.

"తిరుపాలుకు ఇంకోసారి పెండ్లాం అయ్యేట్టుండావే," అంది పక్కింటి ఎల్లమ్మ.

కమిటీ వచ్చింది. యంత్రాలు తెప్పించిన అధికారి అమరనాథ్ చెమట తుడుచుకుంటున్నాడు. అధ్యక్షురాలు పెట్టమంది. పుల్లమ్మ పెట్టింది. పచ్చ దీపం. ఇంకోసారి పెట్టమంది. మళ్ళీ పచ్చే. అమరనాథ్ ముఖంలో కూడా దీపం వెలిగింది.

కష్టమేమైనా ఉందా అని అధ్యక్షురాలు కన్నడంలో అడిగింది. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు, ఏ కష్టమూ లేదని పుల్లమ్మ కన్నడంలోనే చెప్పింది. ఆమె పని ఎందుకు మానిందో రామాంజనేయులుకు అప్పుడు అర్థమైంది. "మేడమ్, ఆయమ్మ వారంగా పనికి రాలేదు, అందుకే గీతలు మళ్ళ తేలినాయి," అంటూ పరిగెత్తాడు. కార్ల తలుపులు మూసుకున్నాయి.

"అయితే ఈ నెల పింఛను పడినట్టేనా?" అని పుల్లమ్మ కేంద్రంలో పనిచేసే కిరణ్మయిని అడిగింది.

"అది డెమో అక్కా, లెక్కకు రాదు. ఈరోజు అసలు సర్వర్ ఓపెన్ చేయలేదు. సోమవారం రా."

వారం కూలి లేని ఇల్లు. సోమవారం దాకా ఆగలేక మళ్ళీ సిమెంటు కలిపింది. సోమవారం ఎర్రదీపం. ఆ తర్వాత నెల కూడా అదే.

కూలీల ఎదుటే పరీక్షించామనీ, యంత్రం సరిగ్గానే పనిచేస్తోందనీ కమిటీ రాసింది. సంతకం పద్ధతి అడిగినవాళ్ళకు అమరనాథ్ ఆ వాక్యమే చదివి వినిపిస్తాడు. పడుకుని పడుకుని తిరుపాలు వీపు పుండ్లు పడింది. మందు ఉన్నరోజు కట్టు మారుస్తారు.

నిన్న టీ అంగడి దగ్గర ఈ కథే ఇంకాస్త పెంచి చెబుతున్నాను. పుల్లమ్మ ఇసుక తట్ట దించి నిలబడి విన్నది.

"కమిటీనే ఓడించినావు కదక్కా," అన్నాను.

"ఎవుర్నీ ఓడించలేదప్పా. పని మాని పోతే వేలు పడింది. పని చేసి పోతే పడలేదు. ఈ తట్ట రొంత ఎత్తు."