ఫుల్ స్పీడు తగ్గించమన్నది నేనే

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది. నౌకాదళంలో, ఒక యుద్ధనౌక ఇంజిన్ గదిలో నా ఉద్యోగం. బంగాళాఖాతంలో గస్తీ ముగించుకుని విశాఖకు తిరిగొస్తున్నాం. ఇప్పుడు ప్రొద్దుటూరులో డీజిల్ పంపులు బాగుచేసే నన్ను, "యుద్ధనౌక ఎంత స్పీడు పోతాదప్పా?" అని అడగని రైతు లేడు. మా ఓడ ముప్పై నాట్లు పోయేది. నాట్ అంటే గంటకు రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. లారీ అంత కూడా లేదే అని వాళ్ల మొహాలు చిన్నబోతాయి.

ఆ వేగానికయ్యే ఖర్చు వాళ్లకేం తెలుసు! ఓడ వేగం రెట్టింపు చేస్తే గంటకు తాగే డీజిల్ దాదాపు ఎనిమిదింతలవుతుంది. నీళ్లు అంతగా అడ్డుపడతాయి. అందుకే మామూలు రోజుల్లో సగం వేగంతోనే తిరిగేవాళ్లం.

ఆ ప్రయాణంలో మా వంటవాడు మస్తాన్‌కు కడుపునొప్పి వచ్చింది. వాడిది పులివెందుల, నాది జమ్మలమడుగు. మా యాసలో తిట్టుకోవడానికి ఓడ మొత్తంలో నాకున్నది వాడొక్కడే. అపెండిక్స్ పగిలేలా ఉందని, ఓడలో ఆపరేషన్ కుదరదని డాక్టర్ తేల్చేశాడు. తుపాను గాలికి హెలికాప్టర్ రాలేదు. కెప్టెన్ ఫుల్ స్పీడుకు ఆర్డర్ ఇచ్చాడు. గ్యాస్ టర్బైన్లు, అంటే విమానం ఇంజిన్ల లాంటివే, ఒక్కసారిగా గర్జించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొంతసేపటికి చీఫ్ ఇంజనీర్ అడిగాడు. "ఇదే వేగంతో రేవుదాకా డీజిల్ సరిపోతుందా?"

మీటరు సరిపోతుందనే చూపిస్తోంది. కానీ అలల్లో మీటరును నమ్మం. సౌండింగ్ తీస్తాం, అంటే ట్యాంకులోకి బరువు కట్టిన టేపు వదిలి లోతు చూస్తాం. వదిలాను. తడిసింది తక్కువే. నాకు ఒళ్లు మండింది. మళ్లీ వదిలాను, అంతే.

"సరిపోదు సార్. తగ్గించాలి" అన్నాను.

ఆరు నాట్లు తగ్గిస్తే గంట ఖర్చు దాదాపు సగమవుతుంది, చేరడం మాత్రం గంటకు పైగా ఆలస్యం. తుపానులో ఇంజిన్లు ఆగితే మస్తాన్‌తో పాటు అందరి గతీ అంతే. అంతా తెలిసినా ఏడుపొచ్చింది.

డ్యూటీ దిగి వాడి దగ్గరికి వెళ్లాను. మంచం అదరడం తగ్గిందని వాడు అప్పటికే కనిపెట్టాడు.

"ఏందప్పా, స్పీడు తగ్గించినారు? నా మీద ఆశ వదిలేసినారా?"

"డీజిల్ సాలదురా. తగ్గించమని నేనే చెప్పినా."

వాడు నా మొహంలోకి చూశాడు. "నువ్వే చూసినావా?"

"రెండుసార్లు చూసినా."

"అట్లయితే సరేలే. రా, ఈడ కూకో" అని నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

రేవు చేరేసరికి అంబులెన్స్ సిద్ధంగా ఉంది. ఆపరేషన్ అయింది, బతికాడు. ఇప్పుడు పులివెందులలో బిర్యానీ హోటల్ నడుపుతున్నాడు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటే చిన్నప్పటి నుంచీ నాకు ఒళ్లుమంట. నాకు పాలే కావాలనేవాణ్ని. ఇప్పటికీ నిలబడటం నా వల్ల కాదు. కాకపోతే పరుగెత్తే ముందు ట్యాంకు చూసుకుంటున్నాను. రేవుదాకా నిలిచే వేగమే ఫుల్ స్పీడని ఆ రోజు తెలిసింది.

మొన్న జమ్మలమడుగు పోదామని బైకు తీస్తే, మస్తాన్ వెనక ఎక్కుతూ ఆగాడు.

"సౌండింగ్ తీసినావా అప్పా?"

నేను నవ్వలేదు. ట్యాంకు మూత తీసి వాడికి చూపించాను.